కింద నుంచి కోసిన వార్త

ఎద్దు రెండు గంటలపాటు కూర్చుంది అన్న వాక్యం దగ్గర ఆవిడ ఎర్రపెన్ను ఆగింది. ఏదో చిన్న ఊళ్ళో, నాలుగు రోడ్లు కలిసే చోట, ఎద్దు వచ్చి కూర్చుంది. బస్సులు ఆగాయి. మాజీ వార్డు సభ్యుడు వచ్చి ఎద్దును బుజ్జగించాడు. ప్రస్తుత వార్డు సభ్యుడు వచ్చి, మాజీ బుజ్జగించడం వల్లే అది మొండికేసిందని ఆరోపించాడు. ఇద్దరూ వాదించుకుంటూ ఉండగా ఎద్దు తనంతట తాను లేచి వెళ్ళిపోయింది. రాకపోకల పునరుద్ధరణకు కృషి చేసిన ఇద్దరికీ పట్టణ ప్రజలు కృతజ్ఞతలు తెలిపారు.

"వీళ్ళ మొహాలు మండ," అంది ఆవిడ పైకే. కింది నాలుగు వాక్యాలు కొట్టేసి, కాగితం మూలన "న" అని రాసి, కుడిచేతి వైపున్న ప్లాస్టిక్ బుట్టలోకి విసిరింది. "న" అంటే నవ్వుల బుట్ట. అందులో అప్పటికే గ్రంథాలయానికి వచ్చిన కొత్త కుర్చీ ఉంది. ఆ కుర్చీకి జరిగిన ప్రారంభోత్సవమూ, దాంట్లో ఎవరు ముందు కూర్చోవాలన్న విషయంలో జరిగిన తోపులాటా ఉన్నాయి. పోయిన గొడుగు తొమ్మిది నెలలకు దొరికిన వార్త ఒకటి, గొడుగు పట్టుకున్న యజమాని ఫోటోతో సహా ఉంది.

పత్రిక కార్యాలయంలో రెండో అంతస్తు, కిటికీలు లేని వైపు చివరి బల్ల ఆవిడది. వయసు యాభై ఏడు. పొట్టి మనిషి, బొద్దు చేతులు, ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త దిగి ఉంటుంది. కుడి చూపుడువేలి మీద ఎర్రసిరా మరక ఎంత తోమినా పోదు. మిగతావాళ్ళంతా తెర మీదే దిద్దుతారు. ఆవిడ మాత్రం ప్రింటు తీయించుకుని కాగితం మీద కొడుతుంది. కొట్టిన గీత చేతికి తెలియాలంటుంది. వెనకాల అందరూ ఆవిణ్ణి కత్తెర అంటారు. ఎదురుగా మేడమ్ అంటారు. కత్తెర అంటారని ఆవిడకు తెలుసు. పేరు కుదిరిందనే అనుకుంటుంది.

పొద్దున లేస్తే ఆవిడకు కోపం. లిఫ్టు ఆగిపోతే, దాన్ని బాగుచేయనివాణ్ణి, వాణ్ణి పిలవని మేనేజరును, మెట్లు ఇంత ఎత్తుగా కట్టిన మేస్త్రీని వరసపెట్టి తిట్టుకుంటూ ఎక్కుతుంది. టీ చల్లగా ఉంటే కోపం, వేడిగా ఉంటే నోరు కాలిందని కోపం. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు చేతికర్ర ఎలాగో ఆవిడకు కోపం అలాగ. అది లేకపోతే ఇంటి నుంచి బల్ల దాకా రాలేదు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆవిడ పని చిన్న ఊళ్ళ వార్తల్ని పేజీలో పట్టేలా కోయడం. దానికో పద్ధతి ఉంది. కింద నుంచి కోయాలి. విలేకరి అన్నవాడు ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలో చెప్పేయాలి. తర్వాత దానికన్నా తక్కువది, ఆ తర్వాత ఇంకా తక్కువది. చివరికి వచ్చేసరికి ఎవరికీ అక్కర్లేనిది మిగలాలి. అప్పుడు చోటు చాలకపోతే అడుగు నుంచి గీత గీసుకుంటూ పోవచ్చు. చదవక్కర్లేదు కూడా. నగరంలో విలేకరులందరికీ ఇది తెలుసు. చిన్న ఊళ్ళవాళ్ళకు చెప్పి చెప్పి ఆవిడ గొంతు అరిగింది. వాళ్ళు మాత్రం ఆ రోజు మబ్బు పట్టిందా లేదా అన్న దగ్గర మొదలుపెడతారు. ఎవరు ఎవరికి ఎదురయ్యారో, వాళ్ళు ఎవరి తాలూకో అంతా చెప్పి, చివర్లో తీరిగ్గా అసలు సంగతికి వస్తారు. అలాంటి వార్తను కింద నుంచి కోస్తే ఏం పోతుందో ఆలోచించాల్సిన మనిషి ఈవిడే. ఆలోచించలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు తక్కువేం కాదు. ఈ మాట చెప్పకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు.

బుట్టలో పడ్డవాటితో వారానికోసారి ఆవిడ ఒక కాలమ్ రాస్తుంది. "ఊరూరి ముచ్చట". గురువారం వస్తుంది. రాసేది "దారినపోయేవాడు". పదకొండేళ్ళ కిందట ఆ పేరు పెట్టినప్పుడు, ఆడపేరు పెడితే ఊళ్ళు తిరిగినట్టు నమ్మరని అప్పటి సంపాదకుడు అన్నాడు. నిజానికి ఆవిడ ఏ ఊరూ తిరగలేదు. నగరం దాటి వెళ్ళింది రెండే సార్లు, రెండూ పెళ్ళిళ్ళకే, రెండుసార్లూ బస్సులో నిద్రపోయింది. చిన్న ఊళ్ళంటే ఆవిడకు విలేకరుల రాతలు. ఒక్కో ఊరు ఒక్కో రకం అక్షరదోషం.

అయినా ఆ కాలమ్ అంటే నగరంలో చెవి కోసుకుంటారు. ఆవిడతోపాటు ఉంటున్న అక్క గురువారం పొద్దున్నే పేపరు విప్పి, "విన్నావటే, ఈ దారినపోయేవాడు ఏం రాశాడో," అంటూ రాసిన చెల్లెలికే చదివి వినిపిస్తుంది. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంటుంది. ఆ పావుగంటసేపు ఆవిడకు కోపం ఉండదు.

ఇవాళ బుధవారం. సాయంత్రం ఆరుకు పేజీ వెళ్ళిపోవాలి. ఎద్దుతో మొదలుపెట్టి కుర్చీతో ముగిద్దామని అనుకుంటూ ఉండగా బల్ల మీది ఇంటర్‌కం మోగింది. కింద గేటు దగ్గర గార్డు.

"అమ్మా, ఎవరో పెద్దాయన వచ్చాడు. దారినపోయేవాడు గారు కావాలంట."

"ఊళ్ళో లేరని చెప్పమన్నానా లేదా నీకు?"

"చెప్పేలోపే ఉన్నారని చెప్పేశానమ్మా."

లిఫ్టు పనిచేయడం లేదు. ఆవిడ గార్డును, పెద్దాయనను, దారినపోయేవాణ్ణి కలిపి తిట్టుకుంటూ దిగింది.

కింద హాల్లో గోడవార బల్ల మీద ఒకాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. అరవైకి అటూ ఇటూ ఉంటాడు. పొడుగు మనిషి, తెల్లచొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, దాని మీద రెండు చేతులూ. ఆవిణ్ణి చూసి లేచి, ఆవిడ వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెట్ల వైపు చూశాడు.

"ఎవరి కోసం చూస్తున్నారు? నేనే," అంది ఆవిడ.

"మగాయన అనుకున్నానండీ," అన్నాడు. వినికిడి తక్కువవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అన్నాడు. హాల్లో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

"అందరూ అనుకుంటారు. ఏం కావాలి?"

కవర్లోంచి మడత పెట్టిన పేపరు ముక్క తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"ఇది తమరు రాసిందే కదండీ. నేను కూతలరాయుణ్ణి."

మూడు వారాల కిందటి కాలమ్. ఆవిడకు గుర్తుంది. అక్క ఆ రోజు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది. ఒక చిన్న ఊళ్ళో మునిసిపాలిటీవాళ్ళు తెల్లవారుజామున ఐదింటికీ, రాత్రి ఎనిమిదింటికీ సైరన్ వేస్తారు. ఒక రోజు పొద్దుటి సైరన్ నాలుగు నిమిషాలు ఆలస్యమైందని అక్కడి విలేకరి ఒక వార్త పంపాడు. దాన్ని ఆవిడ ఇలా అల్లింది:

«ఆ పట్టణంలో తెల్లవారడం సూర్యుడి చేతిలో లేదు, సైరన్ వేసే కూతలరాయుడి చేతిలో ఉంది. మొన్న రాయుడుగారు నాలుగు నిమిషాలు ఆలస్యంగా లేచారు. ఇంకేముంది, పాలవాడు నాలుగు నిమిషాలు, పాలు తాగాల్సిన పిల్లవాడి ఏడుపు నాలుగు నిమిషాలు, మొదటి బస్సు నాలుగు నిమిషాలు, అలా ఊరు ఊరంతా వెనకబడింది. ఇల్లాలు రెండుసార్లు కుదిపి లేపిందట. మూడోసారి బకెట్టుడు నీళ్ళు కుమ్మరించిందట. అప్పటికిగానీ రాయుడుగారు దుప్పటి వదల్లేదని భోగట్టా.»

ఆవిడ చదవడం అయ్యేదాకా ఆగాడు.

"చాలా బాగా రాశారండీ. మా ఊళ్ళో కూడా నవ్వారు. ఇప్పుడు నన్ను అలాగే పిలుస్తున్నారు."

"అయితే ఇప్పుడు ఏం చెయ్యమంటారు?"

"ఆమె లేపలేదండీ," అన్నాడు.

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన గొంతు తగ్గించాలని చూశాడు కానీ తగ్గలేదు. ఆ హాలంతా వింది.

"రోజూ నాకన్నా ముందు తనే లేచి లైటు వేసేదండీ. ఆ లైటుకే నాకు మెలకువ వచ్చేది. ఆ రోజు లైటు పడలేదు. ఎప్పటికో నాకే మెలకువొచ్చి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. రాత్రి ఎప్పుడు పోయిందో తెలీదు. గడియారం చూస్తే ఐదుకి పది నిమిషాలుంది. ఆఫీసు దాకా నడవాలి కదండీ. వెళ్ళి సైరన్ వేసి వచ్చి, అప్పుడు పక్కింటివాళ్ళని లేపాను. నాలుగు నిమిషాలు ఆలస్యమైన మాట నిజమే."

"భార్య చనిపోతే వదిలేసి వెళ్ళి సైరన్ వేశారా?"

"వెయ్యకపోతే ఊరు లేవదు కదండీ."

 ఆయన కవర్లోంచి ఇంకో కాగితం తీశాడు. మునిసిపాలిటీ ముద్ర ఉన్న మెమో. విధి నిర్వహణలో నిద్రపోయినందుకు సంజాయిషీ అడుగుతూ, ఆధారంగా ఆ పేపరు ముక్కనే జతచేశారు. రేపు సాయంత్రంలోపు జవాబు ఇవ్వాలి. లేకపోతే సైరన్ పని నుంచి తప్పిస్తారు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు వేశానండీ. ఇంకో ఐదు నెలలే ఉంది సర్వీసు. నిద్రపోయి పోగొట్టుకున్నాడని మిగిలిపోతుంది."

"మీ భార్య పోయిన సంగతి మీ ఆఫీసులో తెలీదా?"

"ఊరందరికీ తెలుసండీ. పేపరుకే తెలీదు. మా కమిషనరు గారు కొత్తగా ఈ నగరం నుంచే వచ్చారు. పేపర్లో పడింది కదయ్యా అంటారు. పేపర్లోనే వేరేగా పడితే చూద్దామన్నారు." తల వంచి పేపరు ముక్కను మళ్ళీ అదే మడతల్లో మడిచాడు. "మా విలేకరి చివర్లో ఆ వాక్యం రాశాడటండీ. అది పడలేదు. ఆ మిగిలిపోయిన వాక్యం రేపటి పేపర్లో వేయించండి. ఇంకేం వద్దు."

"మీకు కోపం రావట్లేదా?" అంది ఆవిడ. ఆవిడకు వస్తోంది. ఎవరి మీదో తెలియక ఆయన మీదే వస్తోంది. "ఇంత దూరం వచ్చి, బాగా రాశారంటారేంటి నన్ను?"

"కోపం ఎందుకండీ. నేనెవరో తమరికి తెలీదు కదా."

ఆయన ఓదార్పుగానే అన్నాడు. ఆవిడకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కూర్చోండి, చూస్తాను అని చెప్పి మెట్లెక్కింది. ఈసారి మేస్త్రీ గుర్తుకు రాలేదు.

పాత కాపీలన్నీ నెలవారీగా దారంతో కట్టి అలమారలో ఉంటాయి. కావలసింది పావుగంటలో దొరికింది. పదకొండు వాక్యాల వార్త. మబ్బు పట్టిందని మొదటి వాక్యం. పాలవాడు ఫలానావారి తమ్ముడని నాలుగో వాక్యం. ఎనిమిదో వాక్యం తర్వాత ఎర్రగీత. దాని కింద ఉన్నవాటిని ఆవిడ ఇప్పుడు మొదటిసారి చదివింది. చివరిది ఇలా ఉంది: "ఆ వేకువన తన భార్య మరణించి ఉండటాన్ని గుర్తించిన ఆపరేటరు, సైరన్ మోగించి వచ్చిన అనంతరమే ఇరుగుపొరుగు వారికి తెలియపరిచినారు."

గీత చక్కగా ఉంది. ఎక్కడా వంకర లేదు. చెయ్యి ఒక్క క్షణం తడబడి ఉంటే బాగుండేది. తడబడలేదు.

ఫోనెత్తి ఆ ఊరి విలేకరికి చేసింది. ఆయన పగలు స్టేషనరీ దుకాణం నడుపుకుంటాడు.

"నమస్కారం మేడమ్! గొడుగు వార్త అందిందా మేడమ్?"

"గొడుగు నీ నెత్తిన పెట్టుకో. మనిషి చచ్చిపోతే ఆ సంగతి పదకొండో వాక్యంలో రాస్తావా? బుద్ధుందా నీకు? ముఖ్యమైనది మొదట రాయమని ఎన్నిసార్లు చెప్పాను?"

అవతల దుకాణంలో ఎవరో రెండు రూళ్ళ నోటుపుస్తకాలు అడుగుతున్నారు.

"ఎలా జరిగిందో అలా రాశాను మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "ముందు సైరన్ మోగలేదు. ఏమైందా అనుకుంటూ బయటికొచ్చాం. తర్వాత మోగింది. తర్వాత పాలవాడొచ్చాడు. ఆమె పోయిందని మాకు తెలిసింది ఆ తర్వాతే. నేను చివరిదాకా చదువుతారనుకున్నాను మేడమ్."

"పడ్డాక ఫోన్ చేసి ఏడవొచ్చుగా!"

"కాలమ్‌లో పడ్డవాటి గురించి ఫోన్ చెయ్యొద్దని మీరే అన్నారు మేడమ్. రెండేళ్ళయింది."

అన్నది. గుర్తుంది కూడా. "రేపు పడుతుంది. మొత్తం పడుతుంది. పడకపోతే నన్ను అడుగు," అని పెట్టేసింది.

డెస్క్ ఇన్‌చార్జి అద్దాల గదిలో ఉంటాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు. నగరం చివరి టోల్‌గేటు దాటితే అంతా పొలాలూ పశువులే అనుకునే రకం. వాడికి పని నేర్పింది ఆవిడే. ఆ సంగతి వాడు మర్చిపోయాడు, ఆవిడ మర్చిపోలేదు. సైరన్ ఆయన చెప్పిందంతా చెప్పి, రేపటి పేపర్లో సవరణ వేయాలంది.

"అది హాస్యం మేడమ్. హాస్యానికి సవరణేంటి?"

"పెళ్ళాం నీళ్ళు పోసిందని రాశాను. ఆమె అప్పటికే శవం."

"అయ్యో," అన్నాడు. నిజంగానే అన్నాడు. ఒక క్షణం తల కూడా దించుకున్నాడు. మరుక్షణంలో ఇన్‌చార్జి అయిపోయాడు. "కానీ మేడమ్, ఇప్పుడు వేస్తే మనమే ఒప్పుకున్నట్టవుతుంది."

"ఒప్పుకోవడానికేగా వేసేది!"

"ఒకళ్ళకి వేస్తే రేపు మీ కాలమ్‌లో పడ్డ ప్రతివాడూ వస్తాడు. ఎద్దు కూడా వస్తుంది."

నవ్వుతుందనుకున్నాడు. ఇంకో రోజైతే నవ్వేదే. ఆ ముక్క కాజేసి కాలమ్‌లో వాడుకునేది కూడా. ఇవాళ మాత్రం వాడి మొహంలో ఆవిడకు తన మొహమే కనిపించింది. పదకొండేళ్ళుగా అక్కను నవ్వించిన మొహం. కుర్చీ కోసం కొట్టుకునే ఊళ్ళో మనుషులు చచ్చిపోరా? గొడుగు దొరికితే ఫోటో దిగేవాడికి ఇల్లు ఉండదా, ఇంట్లో చీకటి ఉండదా? ఇంతమందిని ఇంతకాలం బొమ్మల్లా ఆడించి, ఒక్కడి పేరైనా సరిగ్గా అడగకుండా కూతలరాయుడని, బస్సు బ్రహ్మయ్యని నోటికొచ్చింది పెట్టి, జీతం తీసుకుని ఇంటికెళ్ళి పడుకుంది. ఒళ్ళంతా మండిపోయింది.

"సవరణ వెయ్యవన్నమాట."

"సారీ మేడమ్. వేరే ఏదైనా సాయం చేద్దాం. ఉత్తరం రాసిద్దాం ఆయనకి."

"ఉత్తరం నువ్వే ఉంచుకో."

బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇంటర్‌కం మోగితే పని పాడవుతుందని, అసలు ఇప్పుడు ఎవరు ఏ మాట అన్నా కొట్టేలా ఉన్నానని, రిసీవర్ తీసి బల్ల మీద పక్కకు పెట్టేసింది. నవ్వుల బుట్ట ఒళ్ళోకి తీసుకుంది. ఎద్దును నాలుగు ముక్కలుగా చింపింది. కుర్చీని చింపింది. గొడుగాయన ఫోటో దగ్గర ఆగి, దాన్ని మాత్రం సొరుగులో పెట్టి, వార్తను చింపింది. అడుగున ఉన్న పాత వారాల మిగులు కూడా చింపింది. రేపటి కాలమ్‌కు ఇక సరుకు లేదు. కావాలనే అలా చేసింది.

తర్వాత తెల్లకాగితం తీసుకుంది.

రాయడం ఆవిడకు ఎప్పుడూ కష్టం కాలేదు. గంటలో కాలమ్ అయిపోయేది. ఇవాళ మూడు గంటలు పట్టింది. చెయ్యి వెక్కిరింతకు అలవాటు పడి ఉంది. ఏ వాక్యం మొదలుపెట్టినా చివర్లో చిన్న చమత్కారం వచ్చి కూర్చుంటోంది. సైరన్ ఆయన మీద జాలిపడబోతే జాలి కూడా వేషం కట్టినట్టు వచ్చింది. ఏడుసార్లు చింపింది. పక్కబల్లవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరూ దగ్గరికి రాలేదు. చివరికి, విలేకరులకు తను చెప్పే పాఠమే తను పాటించింది. ముఖ్యమైనది మొదట రాసింది.

«నెలరోజుల కిందట ఒక ఊళ్ళో ఒక ఇల్లాలు నిద్రలోనే చనిపోయింది. ఆమె భర్త ఆ ఊరి సైరన్ వేసే ఆయన. ఆయన ఆమె చేతిని వదిలి, నడిచి వెళ్ళి, స్విచ్చు నిమిషంసేపు నొక్కి పట్టుకుని, ఊరిని లేపి, తిరిగి ఇంటికి వెళ్ళి అప్పుడు పక్కింటివాళ్ళను పిలిచాడు. సైరన్ నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అంతే. ఆయన నిద్రపోయాడని ఇక్కడ రాశాను. అది అబద్ధం. ఆమె నీళ్ళు పోసి లేపిందని రాశాను. అది అంతకన్నా అబద్ధం. అక్కడి విలేకరి నిజమే పంపాడు. చోటు చాలదని నేను చదవకుండా కొట్టేశాను. తర్వాత చోటు చాలినంత అబద్ధం కల్పించాను. దారినపోయేవాడినని చెప్పుకుంటాను కానీ నేను ఆ దారిన ఎప్పుడూ పోలేదు. ఆ ఊరి అధికారి మెమోకు నా రాత ఆధారమైతే, దాన్ని చించేయడానికి కూడా నా రాతే ఆధారం.»

ఐదూ ముప్పావుకు తీసుకెళ్ళి ఇన్‌చార్జి ముందు పెట్టింది. వాడు చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇదేం కాలమ్ మేడమ్? ఒక్క నవ్వు లేదు."

"నవ్వింది చాల్లే."

"ఎద్దు వేసెయ్యండి ఈ వారానికి."

"చింపేశాను. అన్నీ చింపేశాను. మళ్ళీ ప్రింటు తీసినా నేను రాయను. చోటు ఖాళీగా పంపుతావా, ఇది పంపుతావా నీ ఇష్టం. పావుగంట ఉంది."

వాడి మెడ మీద నరం లేచింది. "ఆ ఊళ్ళో మనవి పడేవే నలభై పేపర్లు మేడమ్! నలభై పేపర్ల కోసం ఇంత రాద్ధాంతమా?"

"మొన్న ఆ నలభై పేపర్లే కదరా ఆయన్ని ఊరంతా కూతలరాయుణ్ణి చేసింది!"

అద్దాల గది బయట అందరూ తలలెత్తారు. వాడు గడియారం చూశాడు, బయట తెర మీద పేజీలు పెట్టే ఆయన వైపు చూశాడు, ఆయన భుజాలెగరేశాడు.

"ఇది పడితే ఇదే ఆఖరిది మేడమ్. కాలమ్ ఉండదు. పైవాళ్ళకి నేను సర్దిచెప్పలేను."

"ఆఖరిదే వెయ్యి."

ఆవిడ వెళ్ళి పేజీలు పెట్టే ఆయన పక్కన నిలబడింది. అంతా అమర్చాక రెండు వాక్యాలు ఎక్కువయ్యాయి. ఆయన అలవాటుగా అడుగు నుంచి తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పక్కనున్న వాతావరణ వివరాల బాక్సు సగానికి కుదించి చోటు చేయించింది. ఆరు దాటి ఎనిమిది నిమిషాలకు పేజీ ప్రెస్సుకు వెళ్ళింది. దానితోపాటు దారినపోయేవాడూ వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళు ఊళ్ళన్నీ తిరిగాడని పేరు. పోయినప్పుడు పక్కన ఎవరో ఏసీ తగ్గించమన్నారు.

అచ్చు ఎలా ఉంటుందో చూపే పేజీ కాపీ ఒకటి తీయించుకుని, మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగింది. మూడు గంటలు రాసి, పావుగంట అరిచి అలిసిపోయినా సంతోషంగానే ఉంది. ఇదిగో చూసుకోండి, రేపు పొద్దున్నే మీ కమిషనరు మొహాన కొట్టండి అని చెప్పాలనుకుంది. మీ భార్య పేరేమిటని అడగాలని కూడా అనుకుంది. పేరు లేకుండానే రాసేసిన సంగతి మెట్ల మలుపు దగ్గర గుర్తొచ్చింది.

హాల్లో బల్ల ఖాళీగా ఉంది.

"ఆయన మూడింటికే వెళ్ళిపోయాడమ్మా," అన్నాడు గార్డు. "ఎనిమిదింటికి సైరన్ వెయ్యాలంట. ఆ బస్సు తప్పితే అందుకోలేనన్నాడు."

"నాకు చెప్పొద్దూ!"

"మూడుసార్లు చేశానమ్మా. మీ ఫోను ఎంగేజ్ వస్తోంది."

"పైకి రాలేవా? కాళ్ళు లేవా నీకు?"

"గేటు వదిలి రాకూడదు కదమ్మా." గార్డు నొచ్చుకున్నాడు. "వాళ్ళ విలేకరి ఎవరో ఆయనకి ఫోన్ చేశాడంట. రేపు మొత్తం పడుతుంది, మేడమ్ గారు మాటిచ్చారు, ఫోటో ఉంటే ఇచ్చి రా అన్నాడంట. నా దగ్గర కవరు అడిగి తీసుకుని, పెట్టి వెళ్ళాడు. ముందే అందాలని మరీ మరీ చెప్పాడమ్మా."

తెల్లకవరు. అంటించలేదు. ఆవిడ గోడవార బల్ల మీద ఆయన కూర్చున్న చోటే కూర్చుని తెరిచింది. పెద్ద ఫోటోలోంచి కత్తిరించిన చిన్న ముక్క. పక్కన ఎవరిదో తెల్లచొక్కా భుజం సగం మిగిలింది. మధ్యలో నడివయసు ఆడమనిషి, కెమెరా వైపు కాక ఆ భుజం వైపు చూస్తోంది. ఏదో చెప్పబోతూ ఉండగా తీసినట్టుంది. నేల కింద నుంచి ప్రెస్సు మొదలైన అదురు బల్ల కోళ్ళలోకి వచ్చింది.

ఫోటో వెనక్కి తిప్పింది. పెన్సిల్‌తో, చెరిగిపోకుండా రెండుసార్లు దిద్ది రాసిన అక్షరాలు: "పని అయిన తర్వాత తిరిగి ఇవ్వగలరు. ఇది ఒక్కటే ఉన్నది."